బర్డ్ ఆసుపత్రికి పోయేవాళ్లు లాడ్జి బాత్రూం చూసుకుని దిగండి

మా అమ్మకి కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ తిరుపతి బర్డ్‌లో చేయించుకుని పోయిన వారమే రాజంపేటకి తిరిగొచ్చినాం. ఆపరేషన్ గురించి రాసేదానికి పెద్దగా ఏం లేదు, బాగా జరిగింది, మర్సటి రోజే వాకర్ పట్టించి నిలబెట్టినారు, ఐదో రోజు డిశ్చార్జ్. నేను రాస్తా ఉండేది ఆ తర్వాత పది రోజుల గురించి, అందులోనూ మేం దిగిన లాడ్జి గురించి, ఎందుకంటే ఆ కోపం నాకింకా తగ్గలేదు.

తెలియనోళ్లకి చెప్తా, బర్డ్ అంటే టీటీడీ నడిపే ఎముకల ఆసుపత్రి, బాలాజీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సర్జరీ, రీసెర్చ్ అండ్ రిహాబిలిటేషన్ ఫర్ ది డిసేబుల్డ్ అని పూర్తి పేరు. అలిపిరి దారిలో స్విమ్స్ ఆసుపత్రి దగ్గర ఉంటాది. పోలియో కాళ్లకి, మోకాళ్లకి ఆపరేషన్లతో పాటు కృత్రిమ కాళ్లు, క్యాలిపర్లు (బలం లేని కాలికి ఆసరాగా కట్టే పట్టీలు) కూడా ఇస్తారు. డిశ్చార్జ్ అయినా పది రోజులు రోజూ ఫిజియోథెరపీకి తీసుకురండి అన్నారు. రోజూ రాజంపేట నుంచి బస్సులో ఆ కాలేసుకుని రాలేం కాబట్టి దగ్గర్లోనే ఒక లాడ్జి మాట్లాడినా.

ఫోన్లో ఒకటికి మూడుసార్లు అడిగినా, లిఫ్ట్ ఉందా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా అని, మోకాలి ఆపరేషన్ పేషెంటు అని కూడా చెప్పినా. "అన్నీ ఉన్నాయి సార్, మా దగ్గరికి వచ్చేదంతా ఆసుపత్రి వాళ్లే" అన్నాడు. రోజుకి 1,200, మూడు రోజులది 3,600 ముందే ఫోన్‌పే చేయించుకున్నాడు. తీరా పోతే లిఫ్ట్ ఉండేది నిజమే గానీ ఆ లిఫ్ట్ కాడికి పోవాలంటే ఏడు మెట్లెక్కాల, పట్టుకునేదానికి కమ్మీ కూడా లేదు. నేనూ ఆటో ఆయనా అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చెరోపక్క పట్టుకుని ఎత్తినాం, అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని గోవిందా గోవిందా అంటానే ఉంది. పాపం ఆటో ఆయన 80 రూపాయల కిరాయికి అంత పని చేసినాడు, ఇంకో వంద ఇస్తే తీసుకోలేదు.

లోపలికి పోయినాక బాత్రూం చూస్తే నాకు ఏడుపొచ్చింది. కమోడ్ ఉంది, దానికి ముందు జానెడు ఎత్తు గడప ఉంది, తలుపు ఎంత ఇరుకంటే వాకర్ దూరదు. వాకర్ బయట పెట్టేస్తే లోపల గోడకి పట్టుకునేదానికి కొక్కెం కూడా లేదు. ఆ రాత్రి అమ్మ మంచినీళ్లు తాగడం మానేసింది. మాత్రలేసుకునేటప్పుడు కూడా గుక్కెడే తాగింది. ఎందుకుమా అంటే దప్పిక లేదు నాయనా అనింది. రెండు గంటలప్పుడు మెలకువొచ్చి చూస్తే మంచం అంచున కూర్చుని నన్ను లేపాలా వద్దా అని చూస్తా ఉంది. నడుం పట్టుకుని గడప దాటించేసరికి ఇద్దరికీ చెమటలు పట్టినాయి. ఇరవై ఏళ్లుగా ఆ ఆసుపత్రి పేషెంట్ల మీదే బతుకుతా ఉన్నాం అని చెప్పుకునే మనిషికి ఒక గడప తీసేయించడం ఎంత పని? పొద్దున్నే ఖాళీ చేస్తే 3,600లో 1,500 వెనక్కిచ్చినాడు, రూం బ్లాక్ చేసినందుకు అని మిగతాది పట్టుకున్నాడు. మా నాయన వదిలేయ్ రా అన్నాడు గానీ ఆయన కూడా ఆ పూటంతా ఎవరితో మాట్లాడలేదు.

ఆ ఆటో ఆయనే ఒక ఇల్లు చూపించినాడు. కింది పోర్షన్, రోజుకి 800, వంట చేసుకోవచ్చు, గుమ్మం దగ్గర ఒకటే మెట్టు. కమోడ్ చైర్ 2,300కి, వాకర్ 1,400కి కొన్నాం. ఆ రెండూ డిశ్చార్జ్‌కి ముందే కొనుక్కోండి, డబ్బుకి చూసుకోవద్దు.

ఇంక ఫిజియోథెరపీ. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. అమ్మ మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకునేది, సుఖంగా ఉందని. ఫిజియో పాప చూసి దిండు తీసి మడమ కింద పెట్టింది. మోకాలి కింద పెడితే కాలు వంగినట్లే ఉండిపోతాది అమ్మమ్మా, తర్వాత తిన్నగా చాచలేవు అని ఓపిగ్గా చెప్పింది. కోణం కొలిచే స్కేలు ఒకటుంటాది వాళ్ల దగ్గర, రెండు పట్టీలు మధ్యలో మరతో బిగించినట్టు, ఒక పట్టీ తొడకి ఒకటి పిక్కకి ఆనించి చూస్తారు. మొదటిరోజు 62 డిగ్రీలు వంగింది. కుర్చీలోంచి లేవాలన్నా 90 దాటాల అన్నారు. నొప్పికి అమ్మ రెండు రోజులు ఆ పాపతో మాట్లాడలేదు, మూడోరోజు పేరు అడిగింది, ఐదోరోజు ఆమెకి ఉగ్గాని డబ్బాలో పెట్టించి తీసుకుపోయింది. చివరిరోజు 96.

ఆ హాల్లో నేర్చుకునేదానికి ఐదు చెక్కమెట్లున్నాయి, రెండు పక్కలా కమ్మీలు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఇది తిరగేస్తే బరువంతా కొత్త మోకాలి మీద పడతాది, ఇంట్లో వాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి.

అమ్మకి ఒక మొక్కుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి కొండెక్కుతా అని మా చెల్లెలి కాన్పప్పుడు మొక్కుకుంది, మోకాళ్లు పోయి ఏడేళ్లుగా వాయిదా. ఆ పాపని అడిగితే ఇప్పుడు ఆ మాటే వద్దు, బస్సులో పోయి దర్శనం చేసుకో అనింది. అమ్మ ఊరుకుంది. ఆ సాయంత్రం, ఐదు మెట్లు ఎన్నిసార్లెక్కితే 3,550 అయితాయి రా అని నన్నడిగింది. 710 సార్లు అని చెప్పినా. తిరుపతిలో 46 సార్లు అయినాయి. మా ఇంటి ముందర కూడా సరిగ్గా ఐదు మెట్లే ఉన్నాయి, మా నాయన దానికి ఇనప కమ్మీ వేయించినాడు. పొద్దున నాలుగుసార్లు, సాయంత్రం నాలుగుసార్లు, అంతకు మించి వద్దన్నారు కాబట్టి అంతే. ఎక్కినప్పుడల్లా క్యాలెండర్ వెనక నాతో గీత పెట్టిస్తా ఉంది.