పై సంస్థకు కట్టే చందా దేనికి? ఒక కరాటే క్లబ్బు సభ్యుడి సమీక్ష

పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు మా మాస్టారిని మొదట ఫీజు అడుగుతారు. తర్వాత బ్లాక్ బెల్టు ఎన్నాళ్లకు వస్తుందంటారు. ఆ పైన గోడ మీది చిహ్నం చూపించి "ఇది ఇంటర్నేషనలేనా అండీ?" అంటారు. ఆయన "అవునండీ" అని ఊరుకుంటారు. తెల్ల బెల్టు కట్టిన రోజు నుంచి రెండో డాన్ (బ్లాక్ బెల్టులో రెండో స్థాయి) దాకా నేను ఈ ఒక్క క్లబ్బులోనే ఉన్నాను. మా క్లబ్బు అనుబంధంగా ఉన్న పై సంస్థకు ఏటా చందా కడుతూనే ఉన్నాను. దానికి ప్రతిఫలంగా ఏం దక్కిందో, ఏం దక్కలేదో రాస్తున్నాను.

మాది షోటోకాన్ అనే కరాటే శైలి. క్లబ్బుకూ జపాన్‌లోని హోంబుకూ (ప్రధాన కేంద్రానికీ) నేరుగా సంబంధం ఉండదు, మధ్యలో జాతీయ శాఖ ఉంటుంది. క్లబ్బు ఏటా అనుబంధ రుసుము కట్టి సభ్యుల జాబితా ఇస్తే, శాఖ దాన్ని పైకి పంపుతుంది. సభ్యుడికి పాస్‌పోర్టు సైజులో ఒక పుస్తకం ఇస్తారు. అందులో ప్రతి గ్రేడింగ్ తేదీ, పరీక్షించినవారి సంతకం, ముద్ర ఉంటాయి. కలర్ బెల్టుల వరకు, అంటే కియు పరీక్షలు, ఎగ్జామినర్ లైసెన్సు ఉంది కాబట్టి మా మాస్టారే పెడతారు. డాన్ ఇచ్చే అధికారం మాత్రం ఆయనకు లేదు. నేర్పడానికి ఒక లైసెన్సు, పరీక్షించడానికి ఇంకొకటి, పోటీల్లో జడ్జిగా కూర్చోవడానికి మరొకటి. ఒక్కోదాంట్లో డి నుంచి ఏ దాకా తరగతులున్నాయి. ఎవరు ఏ స్థాయి వరకు పరీక్షించొచ్చో పైవాళ్లే నిర్ణయిస్తారు. మొదట్లో ఇదంతా గుమాస్తాల గోలలా అనిపించేది.

దాని అవసరం నాకు ఒక గషుకులో తెలిసొచ్చింది. గషుకు అంటే అన్ని క్లబ్బులూ కలిసి చేసే శిక్షణ శిబిరం. హోంబు నుంచి ఒక సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ వచ్చారు. ముందు వరుసలో మాస్టార్లు, వెనక మేము. జెన్కుత్సు దాచిలో (ముందు కాలు వంచి, వెనక కాలు చాచి) నిలబడి గ్యాకు జుకి (వెనక చేతి పిడిగుద్దు) కొట్టమన్నారు. వరుసల మధ్య నడుస్తూ వచ్చిన ఆయన మా మాస్టారి దగ్గర ఆగి, వంగి, వెనక కాలి మడమ కింద రెండు వేళ్లు దూర్చారు. దెబ్బ పూర్తయ్యే క్షణంలో మాస్టారి మడమ అంగుళం లేస్తోంది. ఆయన ఏమీ అనకుండా ఆ వేళ్లతోనే నేల మీద తట్టి చూపించారు. మాస్టారు "ఓస్" అని మడమ ఆనించి మళ్లీ కొట్టారు. ఈసారి నడుము పూర్తిగా తిరిగింది. వెనక నిలబడ్డ మేమంతా ఎవరూ చెప్పకుండానే మడమలు కిందికి దించుకున్నాం. ఆ లోపం మా అందరిలోనూ ఉంది మరి. మాస్టారిని చూసి నేర్చుకున్నవాళ్లమే కదా!

నా దృష్టిలో అనుబంధానికి అసలు విలువ ఇదే. మన గురువు తప్పును దిద్దే మనిషి ఒకరు పైన ఉన్నారు, దిద్దించుకోవడానికి మన గురువు వరుసలో నిలబడతాడు. ఏ గూటికీ చెందని క్లబ్బుల్లో గొప్ప మాస్టార్లు లేరని కాదు, ఉన్నారు. కానీ ఆయన మడమ లేస్తే అక్కడ చూసేదెవరు?

డాన్ పరీక్షలోనూ ఇదే మేలు. ఎదుట కూర్చున్న ప్యానెల్‌కు మనమెవరో తెలియదు. మొదటి డాన్‌కు నేను బస్సాయ్ దాయ్ అనే కటా (నిర్ణీత కదలికల వరుస) ఎంచుకున్నాను. అది అయ్యాక వాళ్లకు నచ్చిన ఇంకో కటా అడుగుతారు. హెయాన్ అయిదింట్లో ఒకటైనా కావచ్చు, తెక్కి షోదాన్ అయినా కావచ్చు. ఏదడుగుతారో ముందు తెలియదు, పక్కన ఇంకొకర్ని చూసి చేసే వీలూ లేదు. నన్ను హెయాన్ యోందాన్ చేయమన్నారు. చిన్నప్పటి కటా అని దులిపేసుకున్నవాళ్లు దొరికిపోయేది సరిగ్గా ఇక్కడే. మా మాస్టారి సొంత కూతురు మొదటిసారి ఫెయిలైంది. ఆయన మారు మాట్లాడలేదు. తండ్రే పరీక్షాధికారి అయితే ఆ అమ్మాయి ఆ రోజే పాసయ్యేదేమో, ఇప్పుడున్నంత గట్టిగా మాత్రం ఉండేది కాదు.

ఇక ఫిర్యాదులు. పరీక్ష ఫీజు ఒకటి, పాసయ్యాక డాన్ రిజిస్ట్రేషన్ రుసుము మళ్లీ ఇంకొకటి. ఆ డబ్బులో ఎంత పైకి వెళ్తుందో, ఎంత మధ్యలో ఆగుతుందో సభ్యుడికి లెక్క చెప్పేవారు లేరు. సర్టిఫికెట్ నెలల తరబడి రాదు. అడిగితే శాఖవాళ్లు హోంబు మీదికి, హోంబు శాఖ మీదికి నెట్టేస్తాయి. రోజువారీ క్లాసుకు పైనుంచి అందే సాయం శూన్యం. అద్దె, మ్యాట్లు, దెబ్బ తగిలిన పిల్లాడు, అన్నీ మాస్టారి తలనొప్పులే.

అన్నిటికన్నా చికాకైనది చీలికలు. షోటోకాన్ గురువు గిచిన్ ఫునకోషి తన శిష్యులకు తొలి డాన్‌లు ఇచ్చింది 1924లో. జపాన్ కరాటే అసోసియేషన్ 1949లో పుట్టింది. ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేసే కోర్సు 1956లో మొదలైంది. అందులో తయారైనవాళ్లే దేశదేశాలకూ వెళ్లి డోజోలు (శిక్షణ శాలలు) తెరిచారు. మా అందరి కరాటే ఆ వేరు నుంచి వచ్చిందే. కానీ హిదెతాకా నిషియామా 1961లో అమెరికా వెళ్లి స్థిరపడి, తర్వాత ఇంటర్నేషనల్ ట్రెడిషనల్ కరాటే ఫెడరేషన్ నడిపారు. హిరోకజు కనజావా 1978లో వేరుగా తన అంతర్జాతీయ సంస్థ పెట్టుకున్నారు. అసోసియేషన్‌ను దశాబ్దాలు నడిపిన మసతోషి నకయామా 1987లో పోయాక మిగిలినవాళ్ల మధ్య తగాదా మొదలైంది. ఎవరు అసలైన అసోసియేషన్ అన్నది ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి 1999లో జపాన్ సుప్రీంకోర్టులో తేలింది.

ఎక్కడో టోక్యోలో పెద్దవాళ్లు పోట్లాడుకుంటే మనకేం అనుకుంటాం. అలాంటి తగాదాలే జాతీయ శాఖల్లోనూ వస్తాయి. మా శాఖ రెండుగా చీలినప్పుడు ఏ వర్గం వెంట వెళ్లాలో మాస్టారే తేల్చుకోవాల్సి వచ్చింది. మా సభ్యుల పేర్లు చాలాకాలం రెండు జాబితాల్లోనూ లేవు. ఆ సమయంలో డాన్‌కు సిద్ధమైన ఒక కుర్రాడు విసిగిపోయి బాక్సింగ్‌కు వెళ్లిపోయాడు. అతణ్ని తప్పు పట్టలేను.

ఒలింపిక్స్ గురించి అడిగేవాళ్లకు ఒక మాట. 1999లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు పొందింది వరల్డ్ కరాటే ఫెడరేషన్. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కనిపించింది ఆ సమాఖ్య కరాటేనే. పారిస్‌లో అదీ లేదు. ఆ సమాఖ్య పోటీల్లో కుమితేలో (ఎదురెదురు పోరులో) దెబ్బను బట్టి ఒకటి, రెండు, మూడు పాయింట్లు. ఎనిమిది పాయింట్ల ఆధిక్యం వస్తే ఆట ముగుస్తుంది. మా పోటీల్లో షోబు ఇప్పోన్ పద్ధతి. నిర్ణాయకమైన ఒక్క దెబ్బ పడిందా, అయిపోయింది. దానికి కాస్త తక్కువైనదైతే వజా ఆరి, అలాంటివి రెండు కావాలి. ఒకదానికి అలవాటైన శరీరం రెండోదానికి తొందరగా ఒదగదు. పతకాల దారి కావాలంటే మా లాంటి క్లబ్బు మీకు సరిపోదు, చేరకముందే అడిగి తెలుసుకోండి.

నాకు బాగా ఉపయోగపడింది ఇంకొకటి ఉంది. ఉద్యోగరీత్యా వేరే దేశంలో ఉన్నప్పుడు అక్కడి అనుబంధ డోజోకు పుస్తకం పట్టుకుని వెళ్లాను. వాళ్ల భాష నాకు ఒక్క ముక్క రాదు. "యోయి" (సిద్ధం), "హజిమే" (మొదలు), "యామె" (ఆపు) అంటే చాలు, క్లాసు సాగిపోయింది. కాంకు దాయ్ కటాలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ కియాయ్ (గట్టి అరుపు) వేయాలో అంతా మాలాగే. తెలియని ఊళ్లో మొదటి సాయంత్రమే నలుగురు తోడు దొరికారు.

చేరబోయేవాళ్లు గోడ మీది చిహ్నాన్ని వదిలేసి మాస్టారిని కొన్ని ప్రశ్నలు అడగండి. మీరు చివరిసారి పరీక్షకు ఎప్పుడు కూర్చున్నారు? మీ డాన్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? మీ విద్యార్థుల డాన్ పరీక్ష ఎవరు పెడతారు? నిజంగా అనుబంధం ఉన్నాయన సర్టిఫికెట్ తీసి చూపిస్తాడు, నంబరు పైసంస్థతో సరిచూసుకోమని తనే అంటాడు. నసిగితే అర్థం చేసుకోండి. బెల్టు గ్యారంటీ అన్నవాడి గడప తొక్కకండి.

పిల్లాడికి రెండు మూడేళ్లు ఒళ్లు వంగితే చాలనుకుంటే అనుబంధం కోసం వెతకనక్కర్లేదు. దగ్గర్లో ఓపికున్న మాస్టారుంటే అదే మేలు. నల్ల బెల్టు తర్వాతా చేయాలనుకునేవాళ్లకు మాత్రం ఇది కావాలి. నేను ఈ ఏడాదీ చందా కట్టాను, మూడో డాన్‌కు దరఖాస్తూ ఇచ్చాను. ఈసారైనా శాఖవాళ్లు సర్టిఫికెట్ కాస్త తొందరగా పంపిస్తే ఇంకో చుక్క ఎక్కువే ఇస్తాను. ప్రస్తుతానికి అయిదుకు మూడున్నర.