డాబాగార్డెన్స్ వైండింగ్ షాపులో టెస్లా కాయిల్ చుట్టించాం

మోటార్లు, మిక్సీలు బాగుచేసే షాపు అది. విశాఖ డాబాగార్డెన్స్ సందులో ఉంటుంది, బోర్డు లేదు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. టెస్లా కాయిల్ అంటే బాగా ఎక్కువ వోల్టేజి పుట్టించి గాల్లోకి మెరుపులు వదిలే పరికరం. అది ఇంటర్ చదివే మా అబ్బాయిది, లెక్కలు నావి.

దాని సెకండరీకి, అంటే మెరుపు వచ్చే పొడుగాటి కాయిల్‌కి, మూడంగుళాల పీవీసీ పైపు మీద 30 గేజి ఎనామిల్ తీగ 900 చుట్లు కావాలన్నాం. "మోటారైతే చుట్టు మీద చుట్టు ఎక్కినా పర్లేదమ్మా, ఇదేటి, ఒక్క వరసేనా?" అన్నారు మేస్త్రీ. ఒక్క వరసే. పక్క చుట్టు మీదికి ఎక్కితే అక్కడే స్పార్క్ కొట్టి ఎనామిల్ మాడిపోతుంది.

గురువారం ఇస్తామన్నది మరుసటి బుధవారం ఇచ్చారు. అది సర్దుకున్నాను. బాధేసింది ఏమిటంటే, 600వ చుట్టు దగ్గర తీగ అతికించారు, మాటమాత్రం చెప్పలేదు. రాత్రి లైట్లు ఆర్పి నడిపితే అతుకు దగ్గర ఊదారంగు మెరుపు. పై కొసన మెరుపు 14 సెంటీమీటర్లకి మించి రాలేదు.

తీసుకెళ్లి చూపిస్తే వాదించలేదు. అంతా విప్పేసి, నా ముందే మళ్లీ చుట్టారు. ఈసారి మిషన్ పక్కన పెట్టి, పైపుని చేత్తో తిప్పుతూ, ఎడమ బొటనవేలితో తీగని చుట్టు పక్కన చుట్టుకి నొక్కుతూ. వంద చుట్లకో పెన్సిల్ గీత. స్కేలు పెట్టి చూశాను, ఏ రెండు గీతల మధ్యైనా మూడున్నర సెంటీమీటర్లే. 150 గ్రాముల తీగ పట్టింది. పైసా ఎక్కువ అడగలేదు.

ఆ కాయిల్‌తో మెరుపు 22 సెంటీమీటర్లు వచ్చింది. "సెంటీమీటరుకి 30 వేలు, అంటే 6 లక్షల 60 వేల వోల్టులమ్మా!" అని గెంతాడు మావాడు. ఆ లెక్క నున్నటి తలాల మధ్య గాలికి. మా స్పార్క్ గ్యాప్‌లో (కెపాసిటర్ నిండగానే నిప్పురవ్వ దూకే చిన్న సందు) గుండ్రటి బోల్టు తలల మధ్యైతే ఇంచుమించు సరిపోతుంది, రెండున్నర మిల్లీమీటర్లకి దాదాపు 9 కిలోవోల్టులు. పైన మెరుపు అలా ఒక్క దూకుడులో రాదు. గ్యాప్ సెకనుకి వందసార్లు పేలుతుంది, ముందుది వేడెక్కించిన దారిలోనే తర్వాతది ఇంకాస్త ముందుకి పాకుతుంది. అందుకే పొడవులో కనబడేది ఎక్కువగా పవరే.

అసలు వోల్టేజి ఎంతో శక్తి లెక్కతో వేశాం: కింది కెపాసిటర్‌లో ఉన్న శక్తంతా పైకి చేరిందనుకుంటే, కెపాసిటెన్సుల నిష్పత్తి వర్గమూలమంత రెట్లు వోల్టేజి పెరుగుతుంది. ప్రైమరీ (కింది కాయిల్) కెపాసిటర్ 6 నానోఫారడ్లు, సెకండరీ, దాని మీద ఉండే గారె ఆకారపు లోహపు టోరాయిడ్ కలిపి సుమారు 15 పికోఫారడ్లు. నిష్పత్తి 400, వర్గమూలం 20. తొమ్మిది ఇరవైలు 180 కిలోవోల్టులు, అదే గరిష్ఠం. నష్టాలు పోతే ఇంకా తక్కువ. వాడి ముఖం చిన్నబోయింది కానీ కాగితం మీద మళ్లీ తనే చేసి చూసుకున్నాడు.

దీనికి కరెంటు ఇచ్చే నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ తగిలితే ప్రాణం పోతుంది. ప్లగ్గు పెట్టేదీ పీకేదీ నేనే, వాడిని దగ్గరికి రానివ్వను.

తీగకీ కూలికీ 650 తీసుకున్నారు. మన ఊరి తేమకి పైపుని రెండ్రోజులు ఎండబెట్టి మరీ తీసుకెళ్లండి, అతుకు లేని తీగే కావాలని ముందే చెప్పండి. నాలుగు స్టార్లు. ఆ అతుకు చెప్పి ఉంటే ఐదూ ఇచ్చేదాన్ని.