పంప్‌కిన్ పై: డబ్బా గుజ్జు మేలా, కాయ తెచ్చి కాల్చుకోవడం మేలా?

నవంబర్ నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ. ఆ వారం మా ఇంట్లో పంప్‌కిన్ పై ఉండాల్సిందే. మైదా అడుగులో గుమ్మడి గుజ్జు పోసి ఓవెన్‌లో బేక్ చేసే తీపి వంటకం అది. అంతా ఇంట్లోనే చేయాలనుకున్నప్పుడు కాయ దగ్గర్నుంచి మొదలుపెట్టాలా, దుకాణంలో దొరికే డబ్బా గుజ్జు వాడితే తప్పా అని నేనూ చాలా ఆలోచించాను. రెండూ చేసి చూశాను.

కాయతో చేయాలంటే ముందు కాయ సరైనది కావాలి. హాలోవీన్‌కి గుమ్మం ముందు పెట్టే పెద్ద కాయ వద్దు. అది బొమ్మ చెక్కడానికి పెంచే రకం. పీచు, నీరు ఎక్కువ, తీపి తక్కువ. మొదటిసారి నేను దాంతోనే చేశాను. కోస్తే ముక్క నిలబడలేదు, పళ్ళెం నిండా నీరు ఊరింది. షుగర్ పంప్‌కిన్ అనే చిన్న కాయ తీసుకోండి. రెండు చెక్కలుగా కోసి, గింజలు తీసి, బోర్లించి 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 45 నిమిషాల నుంచి గంట దాకా కాల్చాలి. గుజ్జు చెంచాతో గీకి, మిక్సీలో తిప్పి, పల్చటి గుడ్డలో మూటగట్టి వేలాడదీయాలి. నీరు దిగాక సన్నసెగ మీద, గరిటెతో గీస్తే మూకుడు అడుగు కనపడేదాకా కలుపుతూ ఉండాలి. ఆ వాసన డబ్బాలో రాదు, నిజమే. కానీ పూటంతా దానికే పోతుంది.

డబ్బా అంటే చిన్నచూపు అక్కర్లేదు. లిబ్బీస్ అనే కంపెనీ డబ్బాలో ఉండేది డికిన్సన్ రకం గుమ్మడి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో మోర్టన్ ఊరి చుట్టుపక్కల పండుతుంది. తొక్క లేత గోధుమ రంగులో ఉంటుంది, బటర్‌నట్ స్క్వాష్ అనే గుమ్మడి రకానికి దగ్గరి చుట్టం. మనం దప్పళంలో వేసుకునే తీపి గుమ్మడి కూడా ఆ జాతిదే. 425 గ్రాముల డబ్బా ఒక పైకి సరిపోతుంది, చిక్కదనం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. కొనేటప్పుడు లేబుల్ చదవండి. పక్కనే ఉండే ‘పంప్‌కిన్ పై మిక్స్’లో చక్కెర, మసాలాలు ముందే కలిపి ఉంటాయి.

నా ఓటు డబ్బాకే. దాల్చినచెక్క, శొంఠి, లవంగం, గుడ్లు, పాలు కలిశాక రెండు గుజ్జులకీ తేడా చెప్పడం కష్టం. కాయతోనే చేయాలని మనసు పడితే షుగర్ పంప్‌కిన్ కన్నా బటర్‌నట్ మేలు. గుజ్జు నున్నగా వస్తుంది, రంగూ బాగుంటుంది.

మిగిలిన ఓపికంతా క్రస్ట్ మీద, అంటే గుజ్జు కింద ఉండే మైదా అడుగు మీద పెట్టండి. కొన్న క్రస్ట్‌కీ ఇంట్లో చేసినదానికీ తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గట్టి వెన్నని మైదాలో వేసి, వేళ్ళ కొసలతో బఠాణీ గింజంత ముక్కలయ్యేదాకా మాత్రమే నలపాలి. వెన్న కరగకూడదు. ఓవెన్ వేడికి ఆ ముక్కల్లోని నీరు ఆవిరై పొరల్ని విడదీస్తుంది, కరకర అక్కడినుంచే వస్తుంది. చల్లటి నీళ్ళు చెంచా చెంచా చల్లి ముద్ద చేసి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి వత్తాలి. గుజ్జు పోసేముందు ఖాళీ క్రస్ట్‌ని కాసేపు బేక్ చేస్తే అడుగు మెత్తబడదు.

అంచులు గట్టిపడి, నడుమ కొద్దిగా తొణుకుతున్నప్పుడే పైని ఓవెన్‌లోంచి తీసేయండి. ఇంకా ఉంచితే గుడ్డు బిగిసి పైన పగులుతుంది. చల్లారడానికి కనీసం 2 గంటలు వదలండి, వేడిమీద కోస్తే డబ్బా గుజ్జైనా జారిపోతుంది.