బాలిస్టాల్ తుపాకీ నూనె: ఉప్పుగాలిలో రెండు వానాకాలాల అనుభవం

అంతర్వేది తీరాన తలుపు గొళ్లేలకే తుప్పు పడుతుంది గనుక, మా నాన్నగారి లైసెన్సు .315 రైఫిలుకు 1904లో జర్మనీలో పుట్టిన బాలిస్టాల్ నూనెను రెండు వానాకాలాలుగా వాడుతున్నాను. పాతపంచె ముక్కపై నాలుగు చుక్కలు వేసి తుడిస్తే ఉక్కుపై పలచని పొర నిలుస్తుంది, కొయ్యకూ హాని లేదు. వాసన మాత్రం ఇంట్లోవాళ్లకు గిట్టదు. అంతకుముందు ఒక దుకాణదారు అంటగట్టిన పేరులేని డబ్బా నూనె నెల తిరక్కుండానే జిగురుకట్టి, బోల్టు (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే కడ్డీ) కదలడమే కష్టమైంది.

అయితే ఏ నూనే వేడిని ఆపదు. కాల్పుల సాధన చేసే రేంజిలో ఐదు గుళ్లు పట్టే మ్యాగజైను వెంటవెంటనే ఖాళీ చేస్తూ పోతే గొట్టం వేడి ముందుపట్టు కొయ్యదాకా పాకుతుంది. అప్పుడు బోల్టు తెరిచి, నీడలో చల్లారనివ్వవలసిందే. పేల్చేముందు గొట్టంలోని నూనెను పొడిగుడ్డతో తీసివేయాలి.