నయీంనగర్‌లో విటమిన్ డి టెస్ట్: రక్తం తీసే అమ్మాయికి ఫుల్ మార్కులు, కౌంటర్‌కు మాత్రం కాదు

మా చెల్లె హన్మకొండ నయీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతోంది. పిక్కలు గుంజుతున్నాయి, మెట్లెక్కితే తొడలు పట్టేస్తున్నాయి అంటే డాక్టర్ విటమిన్ డి, క్యాల్షియం టెస్టులు రాశారు, ఆ పక్క గల్లీలో ఉన్న ల్యాబ్‌కు తీసుకెళ్లాను.

రక్తం తీసే అమ్మాయి సూది గుచ్చకముందే అడిగింది, "అక్కా, జుట్టుకు బయోటిన్ గోళీలేమన్న వేసుకుంటున్నరా?" అని. వేసుకుంటోంది. హాస్టల్‌లో సగం మంది వేసుకుంటారు కూడా. ఎక్కువ డోసు బయోటిన్ ఒంట్లో ఉంటే కొన్ని మెషీన్లు విటమిన్ డిని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, లోపం ఉన్నా రిపోర్టులో బాగానే ఉన్నట్టు వస్తుంది. అందుకే డాక్టర్‌ను అడిగి, గోళీలు ఆపి మళ్లీ రండి అని పంపింది. వచ్చిన గిరాకీని వాపస్ పంపి మరీ సరిగ్గా చేసింది, చాలా నచ్చింది.

కౌంటర్ సంగతి వేరు. పరగడుపున రావాల్సిందే అన్నారు, ఈ టెస్టుకు అది అవసరమే లేదు. ఎట్లాగూ వచ్చారు కదా ఫుల్ బాడీ ప్యాకేజీ తీసుకోండి అని వదలకుండా పట్టుకున్నారు. డాక్టర్ రాసింది మాత్రమే చేయించుకోండి, గట్టిగా చెప్పండి.

రిపోర్టు చెప్పిన టైముకే వచ్చింది. 11 ఉంది, 20 నానోగ్రాముల లోపు ఉంటే లోపం కిందే లెక్క. ఎందుకు తగ్గిందన్నది మాత్రం డాక్టర్ అడిగితేనే తేలింది: పొద్దున ఏడింటికి ముఖానికి స్కార్ఫ్, ఫుల్ స్లీవ్స్‌తో క్లాసుకు పోతుంది, తర్వాత సాయంత్రం దాకా రీడింగ్ రూమే. కిటికీ పక్కనే కూర్చుంటా కదా అంది పాపం, కానీ విటమిన్ డి తయారయ్యే కిరణాలను అద్దం ఆపేస్తుంది, పొద్దున్నే వచ్చే ఏటవాలు ఎండలో కూడా అవి తక్కువే. చామనఛాయ ఒంటికి ఇంకాస్త ఎక్కువసేపు ఎండ తగలాలి. హాస్టల్ తిండిలో చేపలుండవు, గుడ్డు ఎప్పుడో ఒకసారి. మన ఓరుగల్లు ఎండ మాడు పగలగొడుతుంది, అది ఈ పిల్లల ఒంటికి తగిలేదెప్పుడు?

60 వేల యూనిట్ల పొడి వారానికొకటి, అన్నం తిన్నాక వేసుకోమన్నారు. త్వరగా తగ్గాలని రోజూ వేసుకునేవాళ్లున్నారు, దయచేసి వద్దు, రక్తంలో క్యాల్షియం పెరిగిపోతుంది.

కోర్సు అయ్యాక మళ్లీ టెస్టుకు ఇదే ల్యాబ్‌కు వెళ్తాం. ఆ లోపు కౌంటర్ దగ్గర టెస్టుకెంత అని విడివిడిగా రేట్ల బోర్డు పెట్టండి.