వెండి రంగు పూసిన పాత గ్యాస్ బాయిలర్ కొనబోతున్నారా? బయానా ఇచ్చే ముందు ఇది చదవండి

చిత్తూరు దగ్గర తోతాపురి గుజ్జు తీసే చిన్న ఫ్యాక్టరీ మాది. సీజను ముంచుకొస్తోందని, ధర బాగుందని, సూపర్‌హీటర్ (ఆవిరిని పైపుల చుట్టలో మళ్ళీ కాచి పొడిగా చేసే భాగం) ఉన్న పాత గ్యాస్ బాయిలర్ ఒకటి కొన్నాను. అమ్మినవారి పేరు రాయను, వ్యవహారం ఇంకా తేలలేదు. పొరుగు రాష్ట్రంలోని ఒక పాత యంత్రాల యార్డు అని మాత్రం చెబుతాను.

గంటకు 3 టన్నుల ఆవిరి, పని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 10 కిలోలు. మా బాయిలర్ షెడ్డు నుంచి గుజ్జు వండే హాలు 120 మీటర్ల దూరం. దారిలో ఆవిరి చల్లబడి పైపుల్లో నీళ్ళు కొట్టుకునేవి. “సూపర్‌హీటర్ ఉంటే ఆ బెడద ఉండదు సార్, పొడి ఆవిరి చేరుతుంది, 215 డిగ్రీలు దాటదు” అన్నాడు అమ్మినాయన. యార్డులో వెలిగించి చూపించాడు కూడా. థర్మామీటర్ ముల్లు 212 దగ్గర బుద్ధిగా నిలబడింది. నేనూ బుద్ధిగా డబ్బు కట్టేశాను.

ఆ రోజు వెలిగించింది చిన్న మంట మీద. పొగ గాలి తాకిడితో వేడెక్కే ఇలాంటి సూపర్‌హీటర్‌లో ఆవిరి వాడకం పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. పూర్తి లోడు పెట్టకుండా చూసిన ట్రయల్ మనకు చెప్పేది ఏమీ లేదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి గేటు బయట కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి.

పూర్తి మంట మీదకు వెళ్ళిన అరగంటలో ముల్లు 275 చూపింది. 10 కిలోల ఒత్తిడి దగ్గర మామూలు తడి ఆవిరి వేడి 184 డిగ్రీల లోపే. అంటే దాని మీద ఇంకో తొంభై డిగ్రీలు. మొదట థర్మామీటర్‌నే అనుమానించాం. ఇంకోటి తెచ్చి పెట్టాం, అదీ అంతే చూపింది. ఒత్తిడి గేజీ మార్చి చూశాం, దాని తప్పూ లేదు.

వేడి ఎక్కువైతే గుజ్జు తొందరగా ఉడకాలి కదా అనుకుంటాం. జరిగింది తలకిందులు. ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడే మనకు పనికొచ్చేది. ఈ ఒత్తిడి దగ్గర అది కిలోకు సుమారు 480 కిలోక్యాలరీలు. తొంభై డిగ్రీల అదనపు వేడి ఇచ్చేది అందులో పదో వంతు మాత్రమే. పైగా ఆ అదనపు వేడి దిగేదాకా ఆవిరి నీరుగా మారదు, పాత్ర గోడకు వేడి సరిగా అందదు. వంట ఆలస్యమైంది. కడాయిలో ఆవిరి దూరే చోట మాత్రం అరచేయంత మేర గుజ్జు అంటుకుని మాడింది. బంగారు రంగులో ఉండాల్సిన దానిలో నల్లటి నలకలు తేలాయి. హాలంతా మాడిన బెల్లం వాసన. లైన్లో గాస్కెట్లు ఒకదాని తర్వాత ఒకటి వదిలేశాయి.

యార్డు నుంచి వచ్చిన మెకానిక్ మంట నీలంగా ఉండాలంటూ బర్నర్‌కు గాలి వదిలే రెక్కను (డంపర్) ఇంకా తెరిచాడు. ఉష్ణోగ్రత తగ్గకపోగా పెరిగింది. గాలి ఎక్కువైతే సూపర్‌హీటర్ మీదుగా పోయే పొగ పరిమాణం పెరుగుతుంది, ఆవిరి ఇంకా కాగుతుంది. తర్వాత మేం కొలిపిస్తే పొగలో ఆక్సిజన్ 7 శాతం ఉంది. గ్యాస్ బర్నర్‌కు 3 శాతం చాలు. ఆయన రెండో సలహా ఇంకా ప్రమాదం: “సూపర్‌హీటర్ వాల్వు మూసేసి ఆవిరిని నేరుగా తీసుకోండి.” పొరపాటున కూడా ఆ పని చేయకండి. లోపల ఆవిరి పారకుండా బయట మంట వేడి తగిలితే ఆ ట్యూబులు మాడి పగులుతాయి.

అసలు గుట్టు విప్పింది ముప్పయ్యేళ్ళుగా బాయిలర్ల దగ్గరే పనిచేసిన మా ఆపరేటర్. బర్నర్ పక్కన వెండి రంగును స్క్రూడ్రైవర్‌తో గీకాడు. కింద తారులాంటి నల్లటి జిగురు. ఆ పక్కనే మూత బిగించిన పైపు మొండి ముక్క, ఒకప్పుడు ఫర్నేస్ ఆయిల్‌ను వేడి చేసి పంపిన లైను. “ఇది నూనె బాయిలర్ స్వామీ, గ్యాసు వేషం కట్టింది” అన్నాడు.

అక్కడే ఉంది కిటుకు. ఫర్నేస్ ఆయిల్ మంట పసుపుగా, ధగధగా వెలుగుతుంది. దాని వేడిలో పెద్ద వాటా ఫర్నేసు గోడలకే చేరుతుంది. గ్యాసు మంటకు ఆ వెలుగు తక్కువ. గోడలకు అందని వేడి పొగతో పాటు వెనకకు పోయి, పొగ వెనక్కి తిరిగే మలుపు గదిలో ఉన్న సూపర్‌హీటర్ చుట్టకు తగులుతుంది. నూనె మంటకు లెక్కకట్టిన చుట్ట గ్యాసు మంటకు ఎక్కువైపోతుంది. బర్నర్ మార్చినవారు చుట్టను తగ్గించనే లేదు.

మేం చేసింది ఇదీ. డంపర్ సరిచేసి ఆక్సిజన్ 3 శాతానికి తెస్తే 275 కాస్తా 258కి దిగింది. బాయిలర్‌లోకి పంపే నీరు (ఫీడ్ వాటర్) చల్లగా పోతోంది. ఆవిరి చల్లబడి మారిన వేడి నీటిని వెనక్కి తిప్పి ఆ నీటి ట్యాంకును 80 డిగ్రీలకు తెచ్చాం, మంట తగ్గింది, ముల్లు 245. అంతకు మించి కదల్లేదు. ఆవిరిలోకి బోరు నీళ్ళు చల్లి చల్లార్చవచ్చని ఒకరన్నారు. నీటి గట్టితనం తీసే సాఫ్ట్‌నర్‌లో పోసినా మన నీళ్ళలో కరిగిన లవణాలు పోవు, అవి పైపుల్లో పేరుకుంటాయి. చివరికి బాయిలర్ల శాఖ అనుమతి తీసుకుని, ఆమోదం ఉన్న మరమ్మతు సంస్థ చేత సూపర్‌హీటర్‌నే తీయించేశాం. సీజనులో పదకొండు రోజులు పోయాయి. దామలచెరువు మండీలో ముందే మాట్లాడుకున్న కాయలు వేరేవాళ్ళకు వెళ్ళాయి.

మరో విషయం అప్పుడే బయటపడింది. సూపర్‌హీటర్ మీది సేఫ్టీ వాల్వు షెల్ (బాయిలర్ ప్రధాన డొల్ల) మీది వాల్వు కంటే తక్కువ ఒత్తిడికే తెరుచుకోవాలి. అప్పుడే ఆవిరి చుట్ట గుండా పోతూ ట్యూబులను కాపాడుతుంది. మాకిచ్చినదాంట్లో అది తారుమారుగా ఉంది. ఇన్నాళ్ళూ ఏమీ జరగకపోవడం మా అదృష్టం.

కొనేవారు యార్డులో కనీసం రెండు గంటలు పూర్తి మంట మీద నడిపించమనండి, కుదరదంటే లేచి వచ్చేయండి. తయారీదారు ఫోల్డర్ అసలు ప్రతి అడగండి, అందులో ఏ ఇంధనానికి కట్టారో ఉంటుంది. నాకు ఇచ్చింది జిరాక్స్, సరిగ్గా ఆ పేజీ లేదు. రిజిస్ట్రేషన్ నంబరు బాయిలర్ మీదే చెక్కి ఉంటుంది, కాగితంలోని దానితో పోల్చుకోండి. రంగు కొత్తగా మెరుస్తుంటే బర్నర్ పక్కన ఒకసారి గీకి చూడండి. అమ్మేవాడు ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

తీసేసిన చుట్ట మా షెడ్డు వెనక పడి ఉంది. తిరిగి తీసుకోమంటే ఫోను ఎత్తడం లేదు. మొన్న అదే యార్డు ప్రకటన మళ్ళీ కనిపించింది. ఈసారి 2 టన్నులది, అదే వెండి రంగు, అదే పొడి ఆవిరి మాట.