మూడో తుపాకి అమ్మిపెట్టిన షాపు: ఐదుకి మూడున్నర

షాపు పేరు రాయడం లేదు. మా వైపు లైసెన్సు ఉన్న తుపాకుల షాపులే బహు తక్కువ, ఊరు చెప్తే చాలు పేరు చెప్పినట్టే. రేపు తూటాల కోసం మళ్లీ అదే గుమ్మం ఎక్కాలి. అయినా పాత తుపాకి వదిలించుకోవాల్సి వచ్చినవాళ్లు డీలర్ దగ్గర ఏం చూసుకోవాలో ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను.

మా నాయన లైసెన్సులో మూడు ఆయుధాలుండేవి. తాత నాటి డబుల్ బ్యారెల్ 12 బోర్, .315 రైఫిల్, .32 రివాల్వర్. మూడు దాకా ఉంచుకోవచ్చని పాత చట్టం. 2019లో ఆయుధ చట్టానికి చేసిన సవరణతో అది రెండుకి దిగింది. బిల్లు మొదట తెచ్చినప్పుడు ఒక్కటే అన్నారు, పార్లమెంటులో గొడవయ్యాక రెండు చేశారు. డిసెంబర్ 14న అమల్లోకి వచ్చింది, ఏ రెండు ఉంచుకుంటారో మీ ఇష్టం, మిగతాది ఏడాదిలోపు స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. ఆ ఏడాదిలో ఎన్ని నెలలు లాక్‌డౌన్ కింద పోయాయో అందరికీ తెలుసు.

ఏది ఇవ్వాలన్నదానికి ఇంట్లో పెద్ద చర్చేం జరగలేదు. "రివాల్వర్ ఇంట్లో ఉండాల. రైఫిల్ నా దుడ్లు పెట్టి కొన్నది. మీ తాతది ఇచ్చేస్తాం, ఆయనేమన్నా వచ్చి అడుగుతాడా" అన్నాడు నాయన. తాత ఆ తుపాకితో కౌజులూ కుందేళ్లూ కొట్టిన రోజులు వన్యప్రాణి చట్టంతోనే పోయాయి. ఆ తర్వాత అది చేసిన పనల్లా రెన్యువల్‌కి వెళ్లి రావడం, ఎన్నికలొస్తే స్టేషన్లో పడుకుని రావడం.

స్టేషన్లో ఇచ్చేయొచ్చు. కానీ అక్కడ అమ్మిపెట్టేవాళ్లెవరూ ఉండరు, నూనె పెట్టి తుడిచేవాళ్లు అంతకన్నా ఉండరు. నేరుగా మనమే అమ్ముకోవచ్చు, చట్టంలో దారి ఉంది: కొనేవాడి పేరు, చిరునామాతో కలెక్టరుకో దగ్గర్లోని స్టేషనుకో రాతపూర్వకంగా తెలియజేసి, కనీసం 45 రోజులు ఆగి అప్పుడివ్వాలి. ఆ కొనేవాణ్ణి వెతుక్కోవడమే అసలు కష్టం. లైసెన్సున్నవాడై ఉండాలి, ఆ లైసెన్సులో ఈ రకం ఆయుధానికి ఖాళీ ఉండాలి, కొనుక్కోవడానికిచ్చిన గడువు అయిపోయి ఉండకూడదు. పెళ్లి సంబంధం కూడా ఇంతకన్నా తేలిగ్గా కుదురుతుంది. అందుకే డీలర్ దగ్గరికి వెళ్లాం.

షాపు చిన్నది. ముందు గ్లాసు కౌంటర్లో ఎయిర్ గన్నులు, వెనక ఇనుప తలుపు గది. యజమాని మాట తక్కువ మనిషి. తుపాకి చూసింది లోపలున్న ముసలి మిస్త్రీ. మీట పక్కకి నెట్టి తుపాకి విరిచాడు, గొట్టాలు రెండూ ట్యూబ్‌లైటు వైపు పెట్టి ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. కుడి గొట్టంలో, తూటా కూర్చునే చోటికి జానెడు ముందు, సన్నటి గుంటలు పడ్డాయని నాకూ చూపించాడు. లోపలంతా అద్దంలా మెరుస్తుంటే అక్కడ మాత్రం మశూచి మచ్చల్లా ఉంది. తుప్పు పట్టి, గీకితే మిగిలిన గుర్తులవి. తర్వాత గొట్టాలు మూసి చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ కదిపాడు, బిగువు పోయిందా లేదా అని. స్టాక్, అంటే భుజానికి ఆనించే చెక్క, దాని మెడ దగ్గర తాత కట్టించిన ఇత్తడి తీగ చుట్టు మీద గోరుతో గీసి, "లోపల పగులుంది సార్, తీగ తీస్తే చేతికొస్తుంది" అన్నాడు. చివరికి తూటా గది కొలిచాడు. పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటికి అది రెండున్నర అంగుళాలే, ఇప్పుడు ఎక్కువగా వచ్చే తూటాలు రెండుంముప్పావు. మాది రెండున్నరదే. కొనేవాడికి ఆ మాట చెప్పే అమ్ముతానన్నాడు. పెద్ద తూటా అందులో పట్టినట్టే ఉంటుందట, పేల్చినప్పుడు ఒత్తిడి పెరిగి ప్రమాదమట. ధర తగ్గించడానికే ఇవన్నీ చెప్తున్నాడని మొదట అనుకున్నాను, కానీ చెప్పినవన్నీ మా కళ్లకి చూపించాకే చెప్పాడు. ఈ ఒక్క పనికే ఒక నక్షత్రం.

రెండో నక్షత్రం యజమానికి. రసీదు రాసేముందు తుపాకి మీది నంబరు, లైసెన్సు పుస్తకంలో నంబరు పక్కపక్కన పెట్టి ఒక్కో అంకె పైకి చదివాడు. మూడో అంకె దగ్గర ఆగాడు. తుపాకి మీద 7, పుస్తకంలో 1. ఎప్పుడో పుస్తకం మార్చినప్పుడు ఎవరో గుమాస్తా 7ని 1గా ఎత్తి రాశాడు. ఆ తర్వాత ఎన్ని రెన్యువళ్లయినా ఎవరి కంటా పడలేదు. లైసెన్సులన్నీ దేశమంతటికీ ఒకే కంప్యూటర్ జాబితాలోకి ఎక్కించి యూఐఎన్ నంబరు ఇచ్చినప్పుడు ఆ 1 అలాగే అందులోకీ వెళ్లిపోయింది. అంటే కాగితాల ప్రకారం మా ఇంట్లో ఉన్న తుపాకి మాది కాదు, మాదైన తుపాకి లోకంలో లేదు. నాయన మొహం పాలిపోయింది. యజమాని మాత్రం తాపీగా, "ఇప్పుడు బయటపడింది నయం పెద్దాయనా. అమ్మేరోజు కొనేవాడి ముందు బయటపడితే ఇద్దరి లైసెన్సులూ ఇరుక్కుంటాయి" అన్నాడు. దిద్దుబాటుకి అర్జీ ఎలా రాయాలో, దానికి తుపాకి నంబరు ఫోటో, పాత పుస్తకం జిరాక్సు ఎలా జతచేయాలో అతనే చెప్పాడు. ఆ అర్జీ లైసెన్సుల ఆఫీసులో ఎన్ని బల్లలు తిరిగిందో, స్టేషన్ రిపోర్టు కోసం ఎన్నాళ్లు నిలిచిందో రాస్తే ఇది ఆ ఆఫీసు రివ్యూ అయిపోతుంది, వదిలేస్తున్నాను.

ఇక ధర సంగతి. నాయన మనసులో లక్ష ఉంది. 1980ల నుంచి మామూలు లైసెన్సుదారులకి విదేశీ తుపాకుల దిగుమతి లేదు కాబట్టి ఫారిన్ మాలుకి గిరాకీ అని ఎవరో చెప్పారు. అది నిజమే, కానీ ఆ గిరాకీ రివాల్వర్లకీ పిస్తోళ్లకీ. 12 బోర్ కొనేది ఎక్కువగా బ్యాంకుల దగ్గర, నగల షాపుల దగ్గర గన్‌మన్ ఉద్యోగం చేసే రిటైర్డ్ సైనికులు. వాళ్లకి తుపాకి మీద ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ముద్ర అక్కర్లేదు, బరువు తక్కువుండాలి, తూటా ఎక్కడైనా దొరకాలి. ఒకప్పుడు మూడోది సరదాగా కొనుక్కునే ఆసాములుండేవాళ్లని యజమాని చెప్పాడు. కొత్త చట్టం వాళ్లని కొనేవాళ్ల వైపు నుంచి తీసి అమ్మేవాళ్ల వైపు నిలబెట్టింది. ఒకే ఏడాదిలో అందరూ మూడోది పట్టుకొస్తే ధర ఏమవుతుందో వేరే చెప్పాలా? ఇనుప గదిలోకి తొంగిచూస్తే డబుల్ బ్యారెళ్లు మెడలకి అట్టముక్కలు కట్టుకుని వరసగా నిలబడున్నాయి.

అక్కడికక్కడ కొనేస్తారా అంటే కుదరదన్నాడు. షాపు ఎన్ని ఆయుధాలు పెట్టుకోవచ్చో వాళ్ల లైసెన్సులోనే రాసి ఉంటుంది. డిపాజిట్‌గా పెట్టుకుని, కొనేవాడొస్తే అమ్మిపెడతానన్నాడు. ఇరవై వేల దాకా రావచ్చన్నాడు, పది శాతం కమిషను. నెలకింత అద్దె ఉంటుందని మాత్రం అప్పుడు అనలేదు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. నా మొదటి ఫిర్యాదు ఇదే. అమ్మకం ఎంత ఆలస్యమైతే అంత అద్దె వస్తుంటే షాపుకి తొందరెందుకు?

రెండో ఫిర్యాదు ఫోన్లు. తుపాకి డిపాజిట్ చేశాక అది మనదే, అమ్ముకునే హక్కూ మనదే. కానీ నిర్ణీత గడువులో అమ్ముకోకుండా, అర్హత తెచ్చుకుని తిరిగి తీసుకోకుండా ఉంటే కలెక్టరు ఉత్తర్వుతో ప్రభుత్వపరం అవుతుందని ఆయుధ చట్టం 21వ సెక్షనే చెప్తోంది. ఆ టెన్షన్ మాకు రోజూ ఉండేది, షాపుకి లేదు. మనం చేస్తే తప్ప వాళ్లు ఫోన్ చేయరు. చేస్తే "చూస్తున్నాం సార్." ఒక మాజీ హవల్దారు వచ్చి చూసి నచ్చి అడ్వాన్సు ఇచ్చాడన్న సంగతి, ఆయన లైసెన్సు రెన్యువల్‌లో ఉండి బేరం ఆగిందన్న సంగతి, రెండూ మాకు ఒకేసారి తెలిశాయి, అదీ మేం షాపుకి వెళ్తే. ఈలోగా పంచాయతీ ఎన్నికల కోడ్ వచ్చింది. జిల్లాలో తుపాకులన్నీ స్టేషన్లకి చేరుతున్న రోజుల్లో కొత్తగా కొనే ఆలోచన ఎవరికుంటుంది?

చివరికి కొన్నది పక్క జిల్లా ఆయన, సైన్యంలో చేసి వచ్చి కాపలా ఉద్యోగంలో ఉన్నాడు. స్టాక్ పగులు సాకుగా పద్నాలుగు వేలకి దింపాడు. కమిషను, అద్దె, తీగ తీసి అతుకు వేసినందుకు మిస్త్రీ కూలీ పోగా చేతికొచ్చింది పదకొండు వేలకి కాస్త అటూ ఇటూ. నాయన లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.

అమ్మకం రోజు కాగితాల పని మాత్రం మళ్లీ మెచ్చుకోవాలి. కొనేవాడి లైసెన్సు మా ముందే తెరిచి ఖాళీ ఉందో లేదో, గడువుందో లేదో చూపించాడు. బిల్లు మీద దిద్దిన నంబరు వేయించాడు. తూటాలు విడిగా లెక్కపెట్టి వాటికి వేరే రాత రాశాడు. కొనేవాడి లైసెన్సు పేజీ జిరాక్సు ఒకటి మాకిచ్చి, "ఇది పారేయొద్దు పెద్దాయనా, మీ పుస్తకంలో ఆ ఆయుధం కొట్టేయించుకునేదాకా ఇదే మీకు దిక్కు" అన్నాడు. నిజమే. కొట్టేయించడానికి వెళ్లినప్పుడు మొదట అడిగింది ఆ కాగితమే. అది లేక తిరుగుతున్న ఇంకో ఆసామి అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎవరికో నమ్మకం మీద ఇచ్చేశాడట, డబ్బు వచ్చింది, తుపాకి మాత్రం ఇంకా ఆయన పేరు మీదే ఉంది.

ధర కోసమైతే ఈ షాపుకి వెళ్లొద్దు. పాత 12 బోర్‌కి ధర ఏ షాపులోనూ రాదు. కాగితం శుభ్రంగా ఉండాలంటే వెళ్లండి. డిపాజిట్ రోజునే నెల అద్దె ఎంత, ఎన్ని నెలల తర్వాత ఆపుతారు, అమ్ముడుపోకపోతే ఏం చేస్తారు అన్న మూడూ రసీదు మీదే పెన్నుతో రాయించుకుని సంతకం తీసుకోండి. అడిగితే రాస్తారు, మా తర్వాత వెళ్లిన మా బావగారికి రాసిచ్చారు.

నాయనకి డెబ్భై దాటాయి. ఆ వయసు దాటిన లైసెన్సుదారు బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్పించుకునే వీలు 2016 రూల్సులో ఉంది. రైఫిల్ నాకు రాస్తానంటున్నాడు. నాకొద్దు, దాన్నీ ఆ షాపులోనే పెడదామంటున్నాను. పోయినసారి అద్దె గుర్తుచేసి ఆయన ఇంకా ఒప్పుకోవడం లేదు.